గద్వాల రాతి జన్మవృత్తాంతము

ఎండలకు పేరుపడిన రెంటచింతలలో ఇంటి నేలకు పరచునది నాపరాయి. అది నీటి అడుగున పేరుకొనిన సున్నపురాయి. భూగర్భములో కరగి పైకుబికిన రాళ్లను, అందును మెగ్నీషియము మెండుగా గలవానిని చూడగోరువారు కృష్ణ వెంట ఎగువకు, గద్వాల ప్రాంతమునకు పోవలెను.

అంత మెగ్నీషియము రాతిలోనికి ఎట్లు వచ్చినదని శాస్త్రజ్ఞులు చాలకాలము వాదులాడిరి. సాధారణ లావా చల్లారి బసాల్టు అగును. అది చల్లారునపుడు మొదట గట్టిపడు ఖనిజములలో ఆలివీన్ ఒకటి. దానిలో మెగ్నీషియము ఎక్కువ, బరువును ఎక్కువ. కనుక పానకములో మడ్డివలె అడుగున చేరును. మెగ్నీషియము మెండైన శిలలు ఇట్టి మడ్డియే గాని, అట్టి ద్రవము భూమిపై పారియుండదని కెనడాలో పుట్టిన శాస్త్రజ్ఞుడు బోవెన్ 1928లో వాదించెను. 1938లో హెస్ ఎదురు చెప్పెను. పిక్రైటులను శిలలలో పెక్కింటికి బోవెన్ మాట నేటికిని చెల్లును.

కాని 1969లో విల్యోన్ సోదరులు, వీరు కవలలు, దక్షిణాఫ్రికాలో కొమాటీ నది చెంత దొరికిన లావాలను వర్ణించి, వానికి కొమాటియైటు అని ఏటి పేరే పెట్టిరి. వీనిలో ఆలివీన్ పొడవాటి గడ్డిపరకలవలె అల్లుకొని యుండును. మడ్డి అట్లు అల్లుకొనదు. ద్రవము త్వరగా చల్లారినపుడే అట్టి స్ఫటికములు పెరుగును. మెగ్నీషియము ఆక్సైడు నూటికి 18 పాళ్లు మించిన ద్రవము నిజముగా పారినదన్నమాట! బసాల్టు లావాకు 1,200 డిగ్రీల సెంటీగ్రేడు చాలును. దీనికి సుమారు 1,600 కావలెను. భూపటలము క్రింది ప్రావారము కొద్దిగా కరగిన బసాల్టు, మిక్కిలి కరగిన కొమాటియైటు.

గద్వాల రాతి కథ వేరు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన మాణిక్యాంబ, ఆమె సహచరులు 2005లో అచట బోనినైటులను గుర్తించిరి. జపాను బోనిన్ దీవుల పేరిట 1891లో పేరుపొందిన శిల యిది. మెగ్నీషియముతోపాటు సిలికాయు దీనిలో హెచ్చు, నూటికి 52 పాళ్లు మించును. టైటానియము ఆక్సైడు అర పాలైనను ఉండదు. ఒకసారి బసాల్టు నిచ్చి టైటానియమును పోగొట్టుకొనిన ప్రావారము, నీరు సోకి మరల కరగిననే ఇట్లగును. వేడి చేయలేని పనిని నీరు చేసినది.

ప్రావారములోనికి నీరెట్లు పోయినది? నేటి సముద్రములలో, క్రిందికి దిగు భూపలక దానిని మోసికొనిపోవును. గద్వాల శిలల వయస్సు 250 కోట్ల ఏండ్లకు మించినది. నాడే పలకలు దిగుచుండెనని ఆ పరిశోధకుల భావము. అప్పటి భూమి అందుకు మరీ వేడిగా నుండెననువారు మాత్రము ఈ రాతికి వేరు జన్మ చూపవలసి యున్నది.