పావులూరి గణితం – చతురస్ర సమస్యల భాష

తెలుగు సాహిత్యచరిత్ర రాజరాజనరేంద్రుని కాలాన్ని (1022–1061) ప్రధానంగా నన్నయ భారతంతోనే ముడిపెట్టి చూసింది. ఆ రాజమహేంద్రవర ఆస్థానంతో సంబంధమున్న మరొక రచన పావులూరి మల్లన సారసంగ్రహ గణితం. పిఠాపురం సమీపంలోని నవఖండవాడను రాజరాజు దానమిచ్చినది గ్రంథకర్తకా, అదే పేరుగల ఆయన తాతకా అనే విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కర్తృకాలాదులపై జరిగినంత చర్చ సమస్యాకథన భాషపై జరగవలసి ఉన్నది.

మల్లనకు మూలం మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో రచించిన సంస్కృత గణితసారసంగ్రహం. అందులోని క్షేత్రగణితంలో చుట్టుకొలత, క్షేత్రఫలం సంఖ్యాపరంగా సమానమయ్యే చతురస్రం ప్రస్తావన ఉన్నది. భుజం 4 అయితే రెండూ 16. అయితే ఈ సమానత్వం సంఖ్యకే గాని పరిమాణానికి కాదు. 4 అడుగుల భుజాన్ని 48 అంగుళాలుగా చెప్పగానే చుట్టుకొలత 192, క్షేత్రఫలం 2304 అవుతాయి. ఒకటి రేఖామానం, మరొకటి వర్గమానం.

మల్లన ప్రసిద్ధ చదరంగ పద్యానికి ఆధారం కూడా చతురస్రమే. భుజానికి 8 గళ్లు, మొత్తం 64. గడిగడికీ రెట్టింపు చేయగా వచ్చే 20 అంకెల మొత్తాన్ని కవి శర, శశి, వేదాది భూతసంఖ్యలతో ఒకట్ల స్థానం నుండి పేర్చి ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. ఆ పలక అంచున ఉన్న గళ్లు 28. చుట్టుకొలత మాత్రం 32 గడిభుజాలు. మూలగడులకు రెండేసి భుజాలు బయటికి ఉండటమే ఈ భేదానికి కారణం.

గోదావరి డెల్టా వ్యవసాయంలో ఈ భేదం నిత్యానుభవం. గట్టు చుట్టుకొలతను, నాటు విస్తీర్ణాన్ని అనుసరిస్తాయి. 4840 చదరపు గజాల ఎకరం చతురస్రమైతే భుజం సుమారు 69.6 గజాలు, గట్టు 278 గజాలు. అదే ఆకృతిలో నాలుగెకరాలైతే నాటు నాలుగింతలు, గట్టు రెండింతలే. కనుక సమస్యలో సంఖ్యలకంటె ముందు గ్రహించవలసినది క్రియాపదం: కంచె వేయడమా, నారు నాటడమా?

పద్యగణితంలో సూత్రానికి దారి చూపేది పదమే. ఆ దృష్టితో చూస్తే పావులూరి గణితం గణితచరిత్రకు ఎంత ఆకరమో, తెలుగు శాస్త్రభాషా పరిణామానికీ అంతే ఆకరం.