జాతీయగీతం - ఆటగాడైన విద్యార్థి - అంతరాత్మ

గంట కొట్టగానే పిల్లలు వరుసల్లో నిలబడతారు. ప్రతిజ్ఞ చెబుతారు, జనగణమన పాడతారు. మన బడి రోజు అలా మొదలవుతుంది. ఆ ప్రతిజ్ఞను 1962లో రాసినవారు నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. అమెరికా బడుల్లో జెండా ముందు చెప్పే ప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెల్లామీ అనే ఆయన రాశారు. రెండు దేశాల్లోనూ ఉపాధ్యాయులకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. పిల్లవాడు నోరు విప్పకపోతే ఏం చేయాలి? వాడిని బడి నుంచో, ఆటల జట్టు నుంచో తీసివేయవచ్చా?

ఈ విషయం మన సంఘం సంచికలో ఎందుకని కొందరు అడగవచ్చు. మన ఉర్దూ మీడియం బడుల్లో జనగణమన పాడుతూనే ఉన్నాం. అందులో మనకు ఫిర్యాదు ఏమీ లేదు. అయితే చిన్న వర్గాల పిల్లల దేశభక్తిని తూకం వేసి చూసే అలవాటు అనేక దేశాల్లో ఉంది. దాని చరిత్ర తెలిసి ఉండడం మనకు మంచిదని మేము భావిస్తున్నాం.

అమెరికాలో ఈ తగాదా ఆటగాళ్లతో మొదలు కాలేదు. 1935లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మైనర్స్‌విల్ అనే చిన్న ఊళ్లో 12 ఏళ్ల అక్క, 10 ఏళ్ల తమ్ముడు జెండాకు వందనం చేయలేదు. వారిది యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖ. దేవునికి తప్ప మరి దేనికీ అలా వందనం చేయరాదని వారి విశ్వాసం. బడి వారిని వెళ్లగొట్టింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1940 జూన్ 3న ఎనిమిది మంది న్యాయమూర్తులు బడి పక్షాన, ఒక్కరు మాత్రం పిల్లల పక్షాన నిలిచారు. తీర్పు రాసిన జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ జాతీయ ఐక్యతే ముఖ్యమన్నారు. దాని ఫలితం ఏమిటి? దేశమంతటా ఆ శాఖవారిపై వందలాది దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వారి ప్రార్థనా మందిరాన్నే తగలబెట్టారు. కోర్టు ఒక మాట అంటే వీధిలో దానికి పదింతలు జరుగుతుంది సుమా!

ఆ దాడులు చూసి ఆలోచించినవారూ లేకపోలేదు. మునుపటి తీర్పులో తాము పొరపడ్డామని 1942లో ముగ్గురు న్యాయమూర్తులు బాహాటంగా చెప్పారు. ఆ ఏడాదే వెస్ట్ వర్జీనియా రాష్ట్ర విద్యా మండలి జెండా వందనాన్ని నిర్బంధం చేసింది. మళ్లీ అదే శాఖకు చెందిన పిల్లలను బడి నుంచి తీసేశారు, మళ్లీ కేసు నడిచింది. 1943 జూన్ 14న, సరిగ్గా అమెరికా జెండా దినోత్సవం నాడు, సుప్రీంకోర్టు 6-3తో తన పాత తీర్పును కొట్టివేసింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతోంది. దేశభక్తి పేరిట ఏం అడిగినా కాదనలేని కాలమది. అయినా జస్టిస్ రాబర్ట్ జాక్సన్ గారు, పౌరుడు మనసులో ఏం నమ్మాలో, నోటితో ఏం పలకాలో శాసించే అధికారం ఏ ఉద్యోగికీ లేదనే భావంతో తీర్పు రాశారు.

తర్వాతి మెట్టు 1965 డిసెంబరులో పడింది. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ అయోవా రాష్ట్రంలోని డిమోయిన్‌లో కొందరు విద్యార్థులు చేతికి నల్లపట్టీలు కట్టుకుని బడికి వచ్చారు. వారిని ఇంటికి పంపించేశారు. 1969 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు 7-2తో పిల్లల వైపు తీర్పు చెప్పింది. చదువుకు గట్టి ఆటంకం కలిగితేనో, ఇతరుల హక్కులకు భంగం వస్తేనో తప్ప, విద్యార్థి తన అభిప్రాయం తెలిపితే శిక్షించరాదన్నది దాని సారాంశం.

ఇక ఆటస్థలానికి వద్దాం. ఆటకు ముందు జాతీయగీతం వినిపించడం అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్థిరపడిన ఆచారం. 1968 అక్టోబరు 16న మెక్సికో ఒలింపిక్స్‌లో టామీ స్మిత్, జాన్ కార్లోస్ అనే నల్లజాతి పరుగుపందెగాళ్లు పతకాలు అందుకుంటూ, గీతం వినిపిస్తుండగా నల్ల తొడుగు వేసిన పిడికిలి పైకెత్తారు. శాన్ హోసే కాలేజీకి చెందిన వారిద్దరినీ జట్టు నుంచి తప్పించి ఇంటికి పంపారు. 1996 మార్చిలో డెన్వర్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు మహమూద్ అబ్దుల్ రవూఫ్ గారు గీతం వేళ నిలబడనన్నారు. ఆయన 1991లో ఇస్లాం స్వీకరించిన నల్లజాతి సోదరుడు. లీగ్ ఆయనను సస్పెండ్ చేసింది. చివరకు నిలబడి, తల వంచి, దువా చేసుకుంటానని ఒప్పుకున్నారు. 2016లో కోలిన్ కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, నల్లవారిపై జరిగే అన్యాయాన్ని నిరసిస్తూ గీతం వేళ మోకాలిపై కూర్చున్నాడు. అది చూసి హైస్కూలు పిల్లలూ మైదానాల్లో మోకాలు వంచారు.

అప్పుడు బడులు కొత్త వాదన తెచ్చాయి. తరగతిలో కూర్చున్న పిల్లవాడు వేరు, మా జెర్సీ తొడుక్కున్న ఆటగాడు వేరు, జట్టులో చోటు హక్కు కాదు, మేమిచ్చే అవకాశం అన్నాయి. 2017లో లూసియానా రాష్ట్రంలోని బోసియర్ పేరిష్ బడుల్లో గీతానికి నిలబడని ఆటగాళ్లను ఆడనివ్వబోమని హెచ్చరించారు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని శాన్ పాస్క్వాల్ వ్యాలీ విద్యా జిల్లాలో ఒక కుర్రాడు గీతం వేళ మోకాలు వంచాడు. వెంటనే జిల్లా అధికారులు కూర్చోవడం, మోకాలు వంచడం నిషేధించారు. అతని పేరు కోర్టు కాగితాల్లో పొడి అక్షరాలతోనే ఉంది. 2017 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఆ నిషేధాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. కుర్రాడు మౌనంగా మోకాలు వంచితే అది అతని సొంత మాటే గాని బడి మాట కాదని, 1969 నాటి సూత్రమే దీనికీ వర్తిస్తుందని కోర్టు అభిప్రాయం. జెర్సీ బడిదే కావచ్చు, దాని లోపలి గుండె మాత్రం పిల్లవాడిదే కదా!

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అమెరికా రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ప్రభుత్వ బడులను. ప్రైవేటు బడికి, ప్రైవేటు లీగ్‌కు ఆ కట్టడి లేదు. పేరున్న రవూఫ్ గారికి దొరకని రక్షణ, పేరు కూడా తెలియని ప్రభుత్వ బడి కుర్రాడికి దొరికింది అందువల్లనే.

మన దేశంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. 1985 జూలైలో కేరళలో యెహోవా సాక్షుల శాఖకే చెందిన ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. వారు జనగణమనకు గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. ఒక శాసనసభ్యుడు దీన్ని సభలో లేవనెత్తారు. పిల్లలు అగౌరవం ఏమీ చేయలేదని విచారణ సంఘం తేల్చినా వేటు తప్పలేదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు తెలుగువారు, హైదరాబాదులో హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు కావడం మనకు గర్వకారణం. అమెరికా తీర్పులను కూడా ఆయన పరిశీలించారు. గీతం వేళ లేచి నిలబడడమే గౌరవమని, పాడనంత మాత్రాన నేరం కాదని తేల్చారు. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం శిక్షించేది గీతాన్ని అడ్డుకునేవారిని, పాడే సభను చెదరగొట్టేవారిని. మౌనంగా నిలబడినవారిని కాదు. అయితే లేవకుండా కూర్చోవడానికి, మోకాలు వంచడానికి ఈ తీర్పు అనుమతి ఇచ్చిందని పొరబడరాదు. కేరళ పిల్లలు నిలబడ్డారు. తీర్పు ఆ నిలబడడం మీదే ఆధారపడింది.

ఇంత చరిత్రలో మాకు తోచిన సంగతి ఇది. ఈ కేసులు నడిపినవారు పెద్ద నాయకులు కారు, అధిక సంఖ్యాకులు కారు. పదిమందీ నవ్వే చిన్న శాఖల పిల్లలు, పేరు లేని ఆటగాళ్లు. వారు గెలుచుకున్నది మాత్రం అందరిదీ అయింది. రేపు మన పిల్లవాడి అంతరాత్మకు ఇబ్బంది వస్తే, వాడికి నీడనిచ్చేది కూడా ఆ తీర్పులే. అందుకే మనకు నచ్చని నమ్మకం గలవాడి హక్కు పోతుంటే, మనకేమిలే అని ఊరుకోవడం తెలివి అనిపించుకోదు.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. పిల్లలకు అదబ్ నేర్పుదాం. గీతం వినగానే నిటారుగా నిలబడడం నేర్పుదాం. దానితోపాటు ఆ గీతం అర్థం, దాని వెనుక త్యాగాలు చెబుదాం. ఏ పిల్లవాడైనా మౌనంగా ఉంటే, బెత్తం తీయకముందు పక్కకు పిలిచి కారణం అడుగుదాం. భయంతో పాడిన పాట గొంతు దాటి లోపలికి పోదు. ప్రేమతో నేర్పింది ముసలితనం దాకా నిలుస్తుంది. దేశాన్ని మనసారా ప్రేమించే పిల్లలను, ఎదుటివాడి మనసును గౌరవించే పెద్దలను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.