రోము నగరమున బాటసారి పడక

దూరదేశయాత్రకు పూనుకొనువారి మనస్సులో మొదట మెదలునవి దర్శనీయ స్థలములు. పిదప మెదలునది రాత్రి తల దాచుకొను చోటు. మొదటిదానిని గూర్చిన గ్రంథములు కోకొల్లలు. రెండవదానిని చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. కాని ఒక నగరము పరదేశికి ఎట్టి పడక నిచ్చెను, దానికెంత వెల పుచ్చుకొనెను, ఆ వెల ఇచ్చుకొనలేని పేదవాని గతి ఏమయ్యెను అని అడిగినచో ఆ నగరపు చరిత్ర మనకు వేరొక వాకిటినుండి కనిపించును. ఈ ప్రసంగమున మేము రోము నగరమును ఆ వాకిటినుండి చూడదలచితిమి. స్వల్పవ్యయముతో అచ్చట కొన్నాళ్ళు గడపదలచువారికిని ఈ చరిత్ర అక్కరకు వచ్చును. ఏలయన, నేటి రోములో చౌకబస ఏ వీధిలో, ఏ మాసమున దొరకునో నిర్ణయించినది చాలవరకు ఏడు వందల ఏండ్ల యాత్రాచరిత్రయే.

క్రీ. శ. 1300 ఫిబ్రవరి 22వ తేదీన పోపు ఎనిమిదవ బోనిఫేసు ఒక శాసనము వెలువరించెను. ఆ సంవత్సరమున రోమునకు వచ్చి, పాపముల నొప్పుకొని, సెయింట్ పీటరు, సెయింట్ పాలు దేవాలయములను దర్శించినవారికి పాపశిక్షనుండి పూర్ణవిముక్తి కలుగునని అందలి సారాంశము. రోము వాసులు 30 దినములు, పరదేశులు 15 దినములు దర్శనము చేయవలెనని నియమము. ఈ పదునైదను సంఖ్యను గమనింపవలెను. పదునైదు దినములు దర్శనము చేయువాడు పదునైదు రాత్రులు నగరమున పండుకొనవలెను గదా! శాసనము పరలోకమును గూర్చినదే యైనను, దాని వెంట ఇహలోకపు పడకల లెక్క కూడ వచ్చిపడెను.

ఆ యేడు వచ్చిన యాత్రికులలో ఉత్తర ఇటలీ వాసియైన గుల్యెల్మో వెంతూరా అను వర్తకుడొకడు. ఆయన తన వృత్తాంతమున ధరలను కూడ వ్రాసి పెట్టెను. రొట్టె, ద్రాక్షసారాయము, మాంసము, చేపలు, గుర్రపు దాణా చౌకగానే దొరకినవట. ఎండుగడ్డి మిక్కిలి ప్రియము. బసయు మిక్కిలి ప్రియము. మేత ఖర్చు గాక, తన పడకకును గుర్రమును కట్టు చోటునకును కలిపి దినమునకు ఒక పెద్ద వెండినాణెము చెల్లింపవలసి వచ్చెనని ఆయన వాపోయెను.

వర్తకుని ఈ చిన్న లెక్కలో ఒక పెద్ద సత్యము ఇమిడి ఉన్నది. రొట్టెకు కావలసిన గోధుమ బండ్లమీద వచ్చును. టైబరు నదిమీద పడవలలోను వచ్చును. జనము పెరిగిన కొలది సరకు తెప్పించుకొనవచ్చును. పడకను బండిమీద తెప్పించుట సాధ్యము కాదు. అది ఉన్న ఇంటిలో, ఉన్న గోడల నడుమ ఉండవలసినదే. కాబట్టి యాత్రికులు పోటెత్తిన నగరమున అన్నము చౌకగా నుండియు పడక ప్రియము కావచ్చును. నాటినుండి నేటివరకు రోములో ఈ సూత్రము మారలేదు.

1350లో రెండవ పవిత్ర సంవత్సరము వచ్చెను. అప్పుడు పోపు రోములోనే లేడు. ఫ్రాన్సు దిక్కున అవిన్యోను నగరమున ఉండెను. ఐనను యాత్రికులు రాక మానలేదు. రోము వాసులందరు పూటకూళ్ళవారైపోయి, ఇండ్లను యాత్రికులకు అద్దెకిచ్చి అధికధనము గడించిరని ఫ్లారెన్సు చరిత్రకారుడు మత్తేయో విల్లాని వ్రాసెను. ఆ యేటి ఇక్కట్లు చూచిన పిమ్మట పరదేశీయులు ఇక ఇతరుల దయపై ఆధారపడరాదని తలచిరి. రోములోని ఆంగ్లేయులు 1362లో తమ దేశపు యాత్రికులకై మొన్‌సెరాతో వీధిలో ఒక ఇల్లు కొని సత్రము నెలకొల్పిరి. ఆ సత్రమే 1579లో విద్యాలయముగా మారి ఇప్పటికిని ఆ స్థలముననే ఉన్నది. జర్మనులు, స్వీడను వారు మున్నగు జాతులవారికిని ఇట్టి సత్రములు ఏర్పడెను.

ఈ పద్ధతి నిజమునకు అంతకంటె ప్రాచీనము. 8వ శతాబ్దముననే ఇంగ్లండునుండి వచ్చిన సాక్సనులు సెయింట్ పీటరు దేవాలయపు చెంత ఒక నివాసము కట్టుకొనిరి. ఆ పేట నేటికిని బోర్గో అనియే పిలువబడుచున్నది; ఆ పేరు వారి భాషలోని మాటనుండియే వచ్చినదని చెప్పుదురు. అచ్చటి దేవాలయపు పేరులో కూడ సాక్సనుల పేరు నిలిచి ఉన్నది.

స్వదేశపు సత్రము లేని నిరుపేదల సంగతి యేమి? 1548లో ఫిలిప్పో నేరి అను సాధువు కొందరు గృహస్థులను చేర్చి ఒక సేవాసంఘము స్థాపించెను. 1550 నాటి పవిత్ర సంవత్సరమున ఈ సంఘమువారు దిక్కులేని యాత్రికులకు పడకయు భోజనమును ఇచ్చిరి. వారి కాళ్ళు కడిగిరి. 1575 నాటికి ఈ సత్రము ఒక్క సంవత్సరములో లక్షకు పైగా జనమునకు ఆశ్రయమీయగలిగెను. పడక అనునది సొమ్ముగలవానికి అమ్ముడుపోవు సరకుగానే గాక, అలసినవానికి చెల్లవలసిన ఋణముగా కూడ రోములో ఎంచబడుచుండెను. ఈ రెండు భావములు అక్కడ పక్కపక్కనే పెరిగినవి.

బస ఎంతకు దొరకెనన్నదే గాక, ఎచ్చట దొరకెనన్నది కూడ ప్రాణముల మీది మాటయే. సెయింట్ పీటరు దేవాలయము నదికి ఒక దరిని, యాత్రికుల విడుదులలో హెచ్చుభాగము రెండవ దరిని ఉండెను. నడుమ దేవాలయమునకు దగ్గరి దారి సాంతాంజెలో వంతెన. 1450 డిసెంబరు 19వ తేదీ సాయంకాలమున దర్శనము చేసికొని విడుదులకు మరలుచున్న జనసమూహము ఆ వంతెనపై చిక్కుకొనెను. తొక్కిసలాటలోను, నదిలో పడియు, రమారమి రెండు వందలమంది మరణించిరి. పిదప పోపు ఐదవ నికొలసు వంతెన మొగదల నున్న ఇండ్లను తొలగించి దారి వెడల్పు చేయించెను. 1475 నాటి పవిత్ర సంవత్సరమునకై పోపు నాలుగవ సిక్స్తసు మరియొక వంతెనను కట్టించెను. సిస్తో వంతెన యని నేటికిని దానిమీదుగా జనము నడచుచున్నారు.

నదికి ఈవలి దరిని పూటకూళ్ళ ఇండ్లకు నిలయమైనది కాంపో దె ఫియోరి అను అంగడివీధి. అచ్చట 'ఆవు' అను గుర్తుగల ఒక బస, పోపు ఆరవ అలెగ్జాండరు బిడ్డలకు తల్లియైన వన్నోత్సా కత్తనెయి సొత్తు. బోర్జా వంశపు ఎద్దు గుర్తు చెక్కిన ఆమె చిహ్నము ఆ గోడపై ఇంకను ఉన్నది. ఆ దాపుననే బావులారి అను వీధి కలదు. ఆ మాటకు పెట్టెలు చేయువారని అర్థము. బాటసారులున్న చోట వారి పెట్టెలు చేయువారు, వారికి టోపీలు, ఉడుపులు అమ్మువారు చేరిరి. ఆ వృత్తుల పేర్లే వీధుల పేర్లుగా నిలిచిపోయినవి.

తక్కువ ఖర్చుతో ఎక్కువ దినములుండు ఉపాయము నేర్చుకొనదలచినవారు ఫ్రెంచి రచయిత మొంతేన్ దినచర్యను చూడవలెను. ఆయన 1580 నవంబరు 30వ తేదీన రోము చేరి, 'ఎలుగుబంటి' అను ప్రసిద్ధమైన పూటకూళ్ళ ఇంటిలో దిగెను. అచ్చట ఎక్కువ కాలము నిలువలేదు. రెండు దినములలో ఆ సమీపముననే, సాంతా లూచియా దేవాలయమున కెదురుగా ఒక ఇంటిలో మూడు మంచి గదులు, భోజనశాల, సామానుకొట్టు, వంటయిల్లు, గుర్రపుశాల నెలకు ఇరువది స్కూదీల అద్దెకు కుదుర్చుకొనెను. వంటవానిని, వంటచెరకును ఇంటి యజమానియే ఇచ్చునట్లు ఒప్పందము. పేరుగల బసలో ఒకటి రెండు రాత్రులు, నగరము తెలిసిన తరువాత మాసపు అద్దె ఇల్లు — ఇది ఆనాటి తెలివిగల బాటసారుల పద్ధతి. రెండు వందల ఏండ్ల పిమ్మట, 1786లో, జర్మను మహాకవి గోథే కూడ ఇట్లే చేసెను. మారుపేరుతో వచ్చి, బసను విడిచి, కోర్సో వీధిలో తిష్బైన్ అను చిత్రకారుడున్న ఇంటిలో గదులు పుచ్చుకొనెను. ఆ ఇల్లు నేడు మ్యూజియము.

అంతవరకు బాటసారులు హెచ్చుగా ఉత్తరపు ద్వారమైన పోపొలో ద్వారమున ప్రవేశించి, ఆ దారివెంబడి నున్న బసలలో దిగుచుండిరి. రైలు వచ్చి ఈ క్రమమును తారుమారు చేసెను. 1871లో రోము ఇటలీకి రాజధాని యైన పిమ్మట, తెర్మిని రైలు స్టేషను చుట్టును, ఎస్క్విలినో కొండమీదను తిన్నని వీధులతో కొత్త పేటలు లేచెను. డయొక్లీషియను చక్రవర్తి స్నానశాలల చెంతనుండుటచే ఆ స్టేషనుకు ఆ పేరు. నగరపు ద్వారము ఉత్తరమునుండి తూర్పునకు జరిగినది. చౌక హోటళ్ళును దాని వెంట జరిగినవి. పలు అంతస్తుల కట్టడములో ఒక్కొక్క అంతస్తున ఒక్కొక్క చిన్న హోటలు ఉండుట ఆ పేటలో నేటికిని సామాన్యము. నగరములోని ఏ, బి భూగర్భ రైలుమార్గములు రెండును అక్కడనే కలియుచున్నవి గనుక, దూరమని వెనుదీయనక్కర లేదు.

ఇంతవరకు పరదేశి సౌకర్యమును గూర్చి చెప్పితిమి. ఆ సౌకర్యము నిమిత్తము ఎవరు చోటు విడిచిరన్నది కూడ చెప్పవలసి ఉన్నది. 1936 మొదలు సెయింట్ పీటరు దేవాలయము ముంగిట విశాలమైన రాజమార్గము కొరకు బోర్గో పేట నడిబొడ్డున నున్న ఇండ్ల వరుసలు కూల్చబడెను. 1950 నాటి పవిత్ర సంవత్సరమునకు ఆ మార్గము పూర్తియయ్యెను; యాత్రికులు మెచ్చుకొనిరి. అచ్చట తరతరములుగా కాపురమున్నవారు మాత్రము నగరపు పొలిమేరలకు తరలిపోవలసి వచ్చెను. మా కాలమున కూల్చుట అక్కరలేకయే ఆ పని జరుగుచున్నది. పాత నగరములోని కాపురపు ఇండ్లు ఒకటొకటిగా స్వల్పకాలపు అద్దెగదులుగా మారుచున్నవి. అద్దెలు పెరిగి స్థానికులు దూరముగా పోవుచున్నారు. 1350లో రోము వాసులు తమ ఇండ్లలో తాముండి పూటకూళ్ళవారైరి; నేడు ఇల్లే మిగిలి ఇంటివాడు లేకుండ పోవుచున్నాడు.

ఇక, ఈ చరిత్రనుండి నేటి మితవ్యయ యాత్రికుడు గ్రహింపవలసినదేమి? మొదటిది, కాలము. పడకల సంఖ్య తొందరగా పెరగదు. వచ్చు జనము పెరుగును, తగ్గును. ఈస్టరు దినములలోను, మే మాసమునను, సెప్టెంబరు, అక్టోబరులలోను వెల అధికము. జనవరిలో పండుగలు ముగిసినది మొదలు ఫిబ్రవరివరకు, మరల నవంబరులోను తక్కువ. ఆగస్టులో ఎండకు తాళగలవారికి కూడ కొంత వెసులుబాటు కలదు. 2024 డిసెంబరు 24వ తేదీన మొదలైన పవిత్ర సంవత్సరము 2026 జనవరి 6వ తేదీన ముగిసినది. సామాన్యముగా ఇవి ఇరువదియైదేండ్ల కొకమారు వచ్చును. నడుమ ప్రత్యేక సంవత్సరములును ప్రకటింపబడుట కలదు. ప్రయాణము నిశ్చయించుకొనుటకు ముందు దీనిని విచారింపవలెను.

రెండవది, వాకిలి. కన్యాస్త్రీల మఠములు మున్నగు ధార్మిక సంస్థలు నడుపు అతిథిగృహములు రోములో అనేకము కలవు. ప్రాచీన సత్రముల వారసులు ఇవియే. ఇచట గదులు నిరాడంబరములు, పరిశుభ్రములు. పెక్కింట రాత్రి ఒక వేళకు తలుపులు మూయుదురు; కనుక పొద్దుపోయి వచ్చువారు ఆ నియమమును ముందుగా తెలిసికొనవలెను.

మూడవది, లెక్క. 2011నుండి రోము నగరము పరదేశియొద్ద రాత్రికింతయని బస పన్ను వసూలు చేయుచున్నది. హోటలు నక్షత్రముల సంఖ్యను బట్టి పన్ను పెరుగును. గది అద్దెలో అది చేరి ఉండకపోవచ్చును. తలకింత, రాత్రికింత యని విడిగా చెల్లింపవలసి వచ్చును. నలుగురు గల కుటుంబమున కిది చిన్న మొత్తము కాదు. అద్దెగదిని కుదుర్చుకొనువారు మరియొకటి చూడవలెను. 2025నుండి ఇటలీలో ఇట్టి ప్రతి వసతికిని ప్రభుత్వపు గుర్తింపు సంఖ్య తప్పనిసరి; ప్రకటనలో ఆ సంఖ్య లేనిదానిని విడిచిపెట్టుట మేలు.

వెంతూరా వర్తకుడు వెండినాణెము లెక్కపెట్టుకొని చింతించెను. మొంతేన్ రెండు రాత్రులలో ఉపాయము కనుగొనెను. నేరి సాధువు సత్రమున పేదవాడు కాళ్ళు కడిగించుకొని వెల లేకయే నిద్రించెను. ముగ్గురికిని దొరకినది పడకయే. దానిని ఒకచోట సొమ్ము సంపాదించి పెట్టినది, ఒకచోట తెలివి, ఒకచోట ఇతరుల దయ. తక్కువ సొమ్ముతో బయలుదేరువాడు తెలివిని వెంట తీసికొని పోవలెను. దయను గూర్చి మాత్రము ఒక్క మాట: అది ఇచ్చువారి వంతు మాత్రమే కాదు. పరదేశి పడక వేసిన ప్రతి గదియు ఒకప్పుడు ఎవరి కాపురమో కావచ్చును. ఆ సంగతి నెరిగి, స్థానికుని ఇంటిని హరింపని పడకను వెదకుకొనుట బాటసారి చూపగల దయ యని మేము తలంతుము.