ఒంటిగంటన్నర నుంచి నాలుగూ ఇరవై దాకా

1959 ఏప్రిల్ 27, సోమవారం. బొంబాయి కఫ్ పరేడ్‌లోని ఇంట్లో మధ్యాహ్న భోజనం ఇంకా బల్ల మీదికి రాలేదు. ముందుగదిలో కూర్చున్న కమాండర్ కవాస్ మానెక్‌షా నానావతి, పక్కనే ఉన్న భార్య భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె ఒళ్లు బిగుసుకుపోయింది.

అతను ఓడ దిగి ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. మధ్యలో తమ్ముడూ మరదలితో కలిసి అహ్మద్‌నగర్ వెళ్లి ఓ మూడు రోజులు గడిపి వచ్చారు. ఆ సందడిలో ఏమీ బయటపడలేదు. వాళ్లు వెళ్లిపోయాక తెలిసింది, సిల్వియా ఇంట్లో ఉంది గానీ తనతో లేదని. ఏమైందని అడిగితే మాట దాటేసేది. ఆ పొద్దున కూడా ఇద్దరూ కలిసి జబ్బుచేసిన కుక్కను పరేల్‌లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెట్రోలో సినిమాకి టికెట్లు కొన్నారు. చూసేవాళ్లకి చిలకాగోరింకల్లాంటి జంటే.

భోజనాలయ్యాక సూటిగా అడిగేశాడు, నాకు నమ్మకంగా ఉన్నావా అని. ఆమె నోరు విప్పలేదు. లేదన్నట్టు తల ఊపింది. అవతలి మనిషి ప్రేమ్ ఆహూజా అని అతనికి తట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందో సిల్వియా సెషన్స్ కోర్టు బోనులో నిలబడి చెప్పింది. అతను దిగ్గున లేచాడు. ఇప్పుడే వెళ్లి తేల్చుకుంటానన్నాడు. ఆహూజా కాలుస్తాడేమో, వెళ్లొద్దని ఆమె బతిమాలింది. నా సంగతి వదిలెయ్, ఎలాగూ నన్ను నేనే కాల్చుకుంటానన్నాడు. ఆమె హడలిపోయి చెయ్యి పట్టుకుంది. ఇందులో నీ తప్పేం లేదు, నువ్వెందుకు చావాలి అంది. దాంతో అతను కొంచెం శాంతించాడు. శాంతించాక ఇంకో ప్రశ్న వేశాడు: వాడు నిన్ను పెళ్లి చేసుకుంటాడా, పిల్లల్ని చూసుకుంటాడా? ఆమె జవాబు దాటేసింది. ఆహూజా పెళ్లి మాట ఎత్తితే తప్పించుకుంటున్నాడని అప్పటికే ఆమెకు అర్థమైంది. అది భర్త ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసిందట.

ఈ మాటలు ఆమె భర్తను కాపాడుకోవడానికే చెప్పింది. ఆమె డిఫెన్సు తరఫు సాక్షి మరి. 'కొంచెం శాంతించాడు' అన్న ఆ ఒక్క ముక్క రెండేళ్ల తర్వాత ఢిల్లీలో అతనికి ఎదురు తిరుగుతుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

నానావతి పార్సీ. సిల్వియా ఇంగ్లీషు అమ్మాయి. 1949లో పోర్ట్స్‌మత్ రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్లయింది. ముగ్గురు పిల్లలు, పెద్దవాడికి తొమ్మిదిన్నరేళ్లు, చిన్నవాడికి మూడు. అతను ఐఎన్ఎస్ మైసూర్‌లో రెండో స్థానంలో ఉన్న అధికారి. బ్రిటిష్ నౌకాదళం దగ్గర కొని, 1957లో మన జెండా ఎగరేసిన పెద్ద యుద్ధనౌక అది. తొలి భారతీయ నౌకాదళాధిపతిగా కటారి పగ్గాలు చేపట్టి ఏడాది అయింది. అలాంటి రోజుల్లో తెల్ల యూనిఫాం వేసుకున్న ఆరడుగుల కమాండరంటే జనానికి కళ్లెదుట నిలిచిన కొత్త దేశమే. ఆ యూనిఫాం వెనక ఇంట్లో నెలల తరబడి ఎదురుచూపులుంటాయి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న మన జిల్లాల వాళ్లకి అది కొత్తగా చెప్పక్కర్లేదు. సెలవు మీద వచ్చిన మనిషికి ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలిసేసరికి సెలవు అయిపోతుంది. అంతమాత్రాన అందరి ఇళ్లలో ఆహూజాలు ఉండరు, అదీ నిజమే.

ప్రేమ్ భగవాన్‌దాస్ ఆహూజాకి ముప్పై నాలుగేళ్లు. సింధీ. పెళ్లికాలేదు. కార్ల వ్యాపారం. సోదరి మామీతో కలిసి సెటల్వాడ్ రోడ్డులో జీవన్‌జ్యోత్ అనే భవనంలో ఉండేవాడు. 1956లో తెలిసినవాళ్ల ద్వారా నానావతి దంపతులకు పరిచయమయ్యాడు. స్నేహం ఇంటిదాకా వచ్చింది. ఓడ రేవులో లేని రోజుల్లో అది ఇంకో దారి పట్టింది. సిల్వియా అతనికి రాసిన ఉత్తరాలు కోర్టులో చదివారు. 1958 మే నాటి ఒక ఉత్తరంలో, నువ్వు వేరే అమ్మాయిల్ని పెళ్లాడతానంటుంటే తట్టుకోలేకపోయానని రాసుకుంది. అసూయ అనేది ఈ కథలో ఒక్క మొగుడి సొత్తు కాదు.

ఇక ఆ మధ్యాహ్నానికి వద్దాం. కేసంతా అక్కడే ఉంది.

ఒంటిగంటన్నరకు నానావతి కారు తీశాడు. భార్యను, ఇద్దరు పిల్లల్ని, పక్కింటి పిల్లని ఎక్కించుకున్నాడు. సినిమాహాలు దగ్గర దింపి, ఆట అయ్యాక ఆరింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు. పిల్లలు లోపలికి వెళ్లారు. భార్య కూడా వెళ్లింది. గంట కిందట తన సంసారం కూలిపోయిందని తెలిసిన మనిషి పక్కింటి పిల్లను జాగ్రత్తగా హాలు దగ్గర దింపాడు. నాకు ఈ కేసులో తుపాకీ కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

అక్కణ్నుంచి ఓడకు వెళ్లాడు. కుక్కకు మందు తెచ్చుకుందామని వెళ్లానని తర్వాత చెప్పాడు. ఓడలో మాత్రం, రాత్రికి ఒంటరిగా అహ్మద్‌నగర్ కారులో వెళ్తున్నాను, రివాల్వరూ ఆరు తూటాలూ కావాలని అడిగాడు. అబద్ధం. పై అధికారి అడిగితే స్టోర్సువాళ్లు ఎందుకు కాదంటారు? ఇచ్చారు. దాన్ని గోధుమరంగు కవరులో పెట్టుకుని ఆహూజా ఆఫీసుకు వెళ్లాడు. అతను అక్కడ లేడు. మళ్లీ కారెక్కి జీవన్‌జ్యోత్‌కు వెళ్లి గంట కొట్టాడు. పనివాడు తలుపు తీశాడు. నేరుగా పడగ్గదిలోకి నడిచి లోపలినుంచి తలుపు మూశాడు.

టైము నాలుగూ ఇరవై.

మూసిన తలుపు వెనక ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకడు కాసేపట్లో పోయాడు. మిగిలినవాడు చెప్పింది ఇది: పందీ అని తిట్టి, సిల్వియాను పెళ్లి చేసుకుని పిల్లల్ని చూసుకుంటావా అని అడిగాను. నేను పడుకున్న ప్రతిదాన్నీ పెళ్లి చేసుకోవాలా అన్నాడు. ఒళ్లు మండింది. కవరు పక్కనున్న బీరువా మీద పెట్టి, వాణ్ని తన్నడానికి సిద్ధపడ్డాను. వాడు కవరు అందుకోబోయాడు. నేను రివాల్వరు లాగాను. పెనుగులాటలో రెండుసార్లు పేలింది.

ప్రాసిక్యూషన్ దగ్గర సాక్షి లేడు, తువ్వాలు ఉంది. ఆహూజా అప్పుడే స్నానం చేసి వచ్చాడు. ఒంటి మీద నడుముకు చుట్టుకున్న తువ్వాలు తప్ప ఏమీ లేదు. చచ్చి నేలమీద పడున్నప్పుడు కూడా అది ఊడలేదు, వదులు కాలేదు. ఇద్దరు మగవాళ్లు తుపాకీ కోసం కలబడితే ముందు జారేది తువ్వాలే కదా. పైగా ఆ రివాల్వరు ఒక్కో తూటాకి ఒక్కోసారి ట్రిగ్గరు నొక్కితే గాని పేలదు. పొరపాటున పేలడమంటే అన్ని పొరపాట్లు వరసగా జరగాలి.

తుపాకీ చప్పుడుకి మామీ పరుగున వచ్చింది. నానావతి ఆగలేదు. కింద కాపలావాడు అడ్డం వస్తే, నా భార్యతో సంబంధం పెట్టుకున్నాడు, అందుకే చంపానన్నాడు. కారెక్కి, నౌకాదళంలో పోలీసు పని చూసే ప్రోవోస్ట్ మార్షల్ సలహా తీసుకుని, డిప్యూటీ కమిషనర్ జాన్ లోబో ముందు లొంగిపోయాడు. పోలీసు రికార్డులో తన పేరు స్పెల్లింగు తప్పుపడితే తనే దిద్దించాడు. పెనుగులాట అన్న మాట ఆ సాయంత్రం ఎక్కడా రాలేదు.

అరెస్టు నుంచి విచారణ దాకా ఐదు నెలల్లో బొంబాయి రెండుగా చీలింది. ఆర్.కె. కరాంజియా 'బ్లిట్జ్' వారపత్రిక కమాండర్ పక్షాన నిలబడింది. ఇరవై అయిదు నయాపైసల పత్రిక రెండు రూపాయలు పలికింది. వీధుల్లో ఆహూజా తువ్వాళ్లు, నానావతి బొమ్మ రివాల్వర్లు అమ్మారు. పార్సీలు నానావతి వెనక, సింధీలు మామీ వెనక. మామీ తరఫున ప్రాసిక్యూషన్‌కు సాయంగా వచ్చిన కుర్ర లాయరు రామ్ జెఠ్మలానీ. అవతల కార్ల్ ఖండాల్‌వాలా.

1959 అక్టోబరు 21న తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి మెహతా ఒప్పుకోలేదు. ఇది ఏ తెలివిగల మనిషీ ఇవ్వాల్సిన తీర్పు కాదని హైకోర్టుకు పంపాడు. 1960 మార్చి 11న హైకోర్టు యావజ్జీవం వేసింది. అదే రోజు గవర్నర్ శ్రీప్రకాశ శిక్షను నిలిపేశారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న ఆ శ్రీప్రకాశే. కమాండర్ జైలుకు పోకుండా నౌకాదళం అదుపులోనే ఉండిపోయాడు. కేసు తమ ముందుండగా గవర్నరు ఇలా చెయ్యడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సెప్టెంబరులో తేల్చింది. అప్పుడు గాని మామూలు జైలు చూడలేదు. ఇదే దేశంలో చివరి జ్యూరీ కేసని రాస్తుంటారు గానీ అది నిజం కాదు. కొన్నిచోట్ల జ్యూరీలు ఇంకా కొన్నేళ్లు నడిచాయి.

అప్పీలు విన్న ముగ్గురు జడ్జీల్లో తీర్పు రాసింది కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, బాపట్లలో కొన్నాళ్లు డిస్ట్రిక్ట్ మునసబుగా కూర్చుని, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరిచినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి అయినాయన. కృష్ణా ఆయకట్టులో గట్టు తగాదాల కత్తిపోట్ల నుంచి ఆలుమగల గొడవల హత్యల దాకా అప్పీళ్లు విన్న కోర్టది. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1961 నవంబరు 24న ఇచ్చిన ఆ తీర్పును విజయవాడ లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. హత్య గురించి చెప్పే ఐపీసీ 300 కాస్తా న్యాయ సంహితలో 101 అయినా, హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొడితే ఒళ్లు తెలియని కోపంలో చంపినవాడికి ఇచ్చే మినహాయింపు అదే, దానికి అర్థం చెప్పిన తీర్పూ ఇదే.

సుబ్బారావు నీతులు చెప్పలేదు. సిల్వియాను తిట్టలేదు, కమాండర్‌ను పొగడలేదు. భార్య నోట ఆ మాట విన్న మగవాడికి తాత్కాలికంగా ఒళ్లు తెలియని కోపం రావడం సహజమే అని ఒప్పుకున్నారు. మన దేశంలో మాటలూ సైగలూ కూడా రెచ్చగొట్టగలవని, అదే తరగతి సమాజంలో ఉన్న సాధారణ మనిషి ఆ పరిస్థితిలో ఎలా ఉంటాడో చూడాలని రాశారు. అంతదాకా నానావతికి అనుకూలమే. ఆ తర్వాత గడియారం తీశారు. దెబ్బ ఆ కోపంలోంచే పడాలి. కోపం చల్లారాక, ఆలోచించుకునే వ్యవధి దొరికాక పడితే మినహాయింపు వర్తించదు. ఇంట్లో కొంచెం శాంతించాడు. భార్యాపిల్లల భవిష్యత్తు గురించి అడిగాడు. వాళ్లను సినిమాకి దింపాడు. ఓడకు వెళ్లి అబద్ధమాడి ఆయుధం తెచ్చాడు. ఆఫీసులో వెతికాడు, ఇంటికి వెళ్లాడు. ఒంటిగంటన్నరకు ఇల్లు కదిలితే నాలుగూ ఇరవైకి హత్య. మనిషి తేరుకోవడానికి ఆ వ్యవధి చాలునన్నారు. మరి ఆహూజా అన్న ఆ నీచమైన మాట? చంపినవాడే ముందు తిట్టి, తిరిగి తిట్టించుకుని, దాన్నే హత్యకు కారణంగా చూపడం కుదరదన్నారు. యావజ్జీవం ఖాయమైంది.

ఆ మూడు గంటల్లో నానావతి మనసులో కోపం లేదని ఎవరూ అనలేరు. ఉండే ఉంటుంది. కానీ క్షణికావేశం అని మనం చాలా సులువుగా అనేస్తాం. పేపర్లో ప్రతి వారం కనపడే భార్యాభర్తల హత్యావార్తల్లో ఆ మాట లేని వార్త అరుదు. బండి పెట్రోలు కొట్టించుకుని, కత్తి కొనుక్కుని, చిరునామా కనుక్కుని వెళ్లిన ఆవేశాన్ని కూడా క్షణికమనే రాస్తాం.

1964 మార్చిలో అప్పటి మహారాష్ట్ర గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ నానావతికి క్షమాభిక్ష పెట్టారు. పార్సీ కమాండర్‌ను ఊరికే వదిలితే సింధీలు ఊరుకోరు. అందుకని భాయి ప్రతాప్ అనే సింధీ వ్యాపారిక్కూడా అప్పుడే క్షమాభిక్ష దొరికింది. నానావతి క్షమాభిక్షకు ముందు కావాల్సింది ఒక్క కాగితం, పోయినవాడి తోబుట్టువుకు అభ్యంతరం లేదని. ఆ కాగితం కోసం మామీ దగ్గరికి వెళ్లింది, అప్పటిదాకా ఆమె పక్షాన పోరాడిన జెఠ్మలానీయే. ఆమె ఇచ్చింది.

నానావతి బయటికొచ్చాడు. సిల్వియా అతన్ని వదల్లేదు. 1968లో పిల్లలతో కెనడా వెళ్లిపోయారు. 2003లో అతను పోయాడు. 2016లో మన థియేటర్లకి 'రుస్తుం' వచ్చింది. అందులో కమాండర్ దేశభక్తుడు. చనిపోయినవాడి సోదరి సిగరెట్టు కాలుస్తూ, డబ్బు వెదజల్లి అతన్ని శిక్షింపజేయాలని చూసే ఆడ విలన్. కాగితం మీద సంతకం పెట్టిన మామీకి దక్కిన పాత్ర అది. సినిమాకి ఒక్క ఆహూజా చాల్లేదు.