రెండు వైపులా పువ్వులే

పెళ్ళిపందిట్లో పరిచే జంబుఖానాను, రత్నకంబళి అనే తివాచీని మనలో చాలామంది ఒకటే అనుకుంటారు. జంబుఖానాలో పడుగూ పేకా తప్ప వేరే ఏమీ ఉండదు. తివాచీలో అలా కాదు. పడుగు పోగులకు రంగు ఉన్నిని ముడివేసి, కొసను కత్తితో కోస్తారు. ఒక వరుస ముడులు పూర్తయ్యాక పేక పోనిచ్చి, దువ్వెనలాంటి పళ్ళ పనిముట్టుతో గట్టిగా దట్టిస్తారు. చివరికి కత్తెరతో నూగును సమం చేస్తారు. పువ్వైనా లతైనా అంతా ముడుల లెక్కే.

ఈ విద్య చాలా పాతది. 1949లో సైబీరియాలోని అల్తాయి కొండల్లో, పాజిరిక్ అనే చోట, మంచు కప్పిన సమాధిలో రుదెంకో అనే శాస్త్రజ్ఞుడికి దాదాపు 2,400 ఏళ్ళనాటి తివాచీ దొరికింది. దాని మీద రౌతులు, జింకలు బారులు తీరి ఉన్నాయి. మన దేశంలో అక్బరు ఆగ్రా, ఫతేపూరు, లాహోరులలో తివాచీల కార్ఖానాలు పెట్టించాడు. తెలుగునాట ఏలూరు, ఓరుగల్లు, మచిలీపట్నం పేరుపొందాయి. ఏలూరు నేతగాళ్ళు తమ పెద్దలు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకుంటారు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే ఉన్న బెంగళూరు సంగతి చూద్దాం. హూడిలో మెట్రో ఎక్కి సెంట్రల్ కాలేజీ దగ్గర దిగి కొంచెం నడిస్తే ఫ్రీడం పార్కు వస్తుంది. ఒకప్పుడు అది సెంట్రల్ జైలు. బెంగళూరు రత్నకంబళ్ళు చాలాకాలం మన్నుతాయనీ, వాటికి రెండు వైపులా ఒకే నమూనా ఉండటం వింత అనీ బ్రిటిషు కాలపు గెజెటీరు రాసింది. నూగు తివాచీకి ఒకవైపే ముఖం. ఇక్కడి కంబళిని తిరగేసినా పువ్వులే! అదే గెజెటీరు, జైలులో పర్షియా, టర్కీ నమూనాలతో నేసే నూగు తివాచీలు బహుశా దేశంలోకెల్లా మేలైనవని కూడా మెచ్చుకుంది.

ఆ మెప్పు నాకు కొంచెం చేదుగానే ఉంటుంది. ఖైదీ చేతిపనికి బజారు కూలి లేదు. ఇంట్లో మగ్గం పెట్టుకున్నవాడు పిల్లలకు తిండి పెట్టాలి, ఉన్ని కొనాలి. ఇద్దరి సరుకూ ఒకే బజారుకు వస్తే గెలుపు ఎవరిదో చెప్పనక్కరలేదు. జైళ్ళ పోటీ నేతగాళ్ళను దెబ్బతీస్తోందని జార్జి బర్డ్‌వుడ్ అనే దొర 1880లోనే తన పుస్తకంలో ఫిర్యాదు చేశాడు. మచిలీపట్నం తివాచీలను చౌక సరుకు ఇచ్చి పాడుచేసింది ఇంగ్లీషు వర్తకులేనని కూడా ఆయనే రాశాడు. అడుగున ఇంగ్లండు పురికొస చేరిందట!

గెజెటీరులో నమూనాల దేశాల పేర్లున్నాయి. ముడివేసిన ఖైదీల పేర్లు లేవు.