పసిబిడ్డల వెంటిలేటర్: ఉక్కు పెట్టె నుంచి నీళ్ళ సీసా దాకా

"బిడ్డకు వెంటిలేటర్ పెట్టారు" అని ఫోన్ వస్తే చాలు, మన ఇళ్ళలో ఏడుపులు మొదలవుతాయి. ఇంక అయిపోయినట్టే అనుకుంటాం. కానీ వెంటిలేటర్ ఒకే రకం కాదు. ఊపిరి అందించే పద్ధతులు ఒకదాని తరవాత ఒకటి ఎలా వచ్చాయో ఈసారి చూద్దాం.

మొదట వచ్చింది ఉక్కు పెట్టె, ఐరన్ లంగ్. 1928లో అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన డ్రింకర్, షా చేశారు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పోలియో వచ్చిన 8 ఏళ్ళ పాపకు పెట్టారు. తల బయట, ఒళ్ళంతా పెట్టెలో. పెట్టెలోని గాలిని పంపు లాగేస్తే రొమ్ము లేస్తుంది, గాలి తానే లోపలికి పోతుంది. మా రైల్వేవాళ్ళకు వాక్యూమ్ బ్రేకు అంటే తొందరగా అర్థమవుతుంది. పాపకు తెలివి వచ్చింది గాని, కొన్ని రోజులకే న్యుమోనియాతో పోయింది.

అసలు మలుపు 1952లో, డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ ఊళ్ళో. పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఉన్నది ఒక్క ఉక్కు పెట్టె, రొమ్ముకు తొడిగే చిన్నవి ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరాడని 31 మందిలో 27 మంది పోయారు. రక్తంలో క్షారం పెరిగిందని పెద్ద డాక్టర్లు అనుకున్నారు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ కాదన్నాడు, అది బయటికి పోలేక నిలిచిపోయిన కార్బన్ డయాక్సైడ్ అన్నాడు. ఆగస్టు 27న 12 ఏళ్ళ అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి నొక్కి గాలి పంపాడు. లాగడం పోయి తోయడం వచ్చింది. అమ్మాయి బ్రతికింది.

అయితే తోసే యంత్రాలేవి? లేవు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, నెలల తరబడి, రాత్రింబగళ్ళు మంచం పక్కన కూర్చుని సంచి నొక్కారు. ఒక దశలో ఒకేసారి 70 మంది రోగులకు. వాళ్ళలో ఎంతోమంది పిల్లలే. పదిమందిలో తొమ్మిదిమంది పోయే చోట సగం కన్నా ఎక్కువమంది బ్రతికారు. చదువుకునే పిల్లల చేతులే అక్కడ వెంటిలేటర్లు! మరుసటి ఏడు ఇబ్సెన్ అదే ఊళ్ళో ఇంకో ఆస్పత్రిలో ఇంటెన్సివ్ కేర్ వార్డు మొదలుపెట్టాడు.

నెలలు నిండని బిడ్డల లేత ఊపిరితిత్తులకు తోయడమూ గాయమే చేస్తుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకే పుట్టిన రెండు రోజుల్లోపు ఊపిరాడక పోయాడు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ గ్రెగరీ వేరే దారి పట్టాడు. ఊపిరి బిడ్డే తీసుకుంటుంది, తిత్తులు ముడుచుకుపోకుండా కాస్త ఒత్తిడి మాత్రం మనం నిలుపుదాం అన్నాడు. 20 మందిలో 16 మంది దక్కారు. దీన్నే సీపాప్ అంటారు. గొట్టం రెండో కొన నీళ్ళలో ముంచితే, ఎంత లోతు ముంచితే అంత ఒత్తిడి. బుడగలు వస్తుంటే పని చేస్తున్నట్టు లెక్క.

ఢాకాలో డాక్టర్ చిస్తీ దానికి షాంపూ సీసా వాడాడు. 2015లో వచ్చిన లెక్క ప్రకారం, న్యుమోనియా ముదిరిన పిల్లల్లో మామూలు ఆక్సిజన్‌తో నూటికి 15 మంది పోతే, బుడగల పద్ధతిలో 4 మంది. ఇంత చవక పరికరం ప్రతి ఊరికీ రావాలని మనకూ అనిపిస్తుంది. కానీ 2019లో మలావీ దేశంలోని ఒక జిల్లా ఆస్పత్రి లెక్క తిరగబడింది: సీపాప్‌తో 17 మంది, మామూలు ఆక్సిజన్‌తో 11 మంది. అక్కడి పిల్లల్లో పోషణ లేనివారు, హెచ్‌ఐవీ ఉన్నవారు ఉన్నారు, నిజమే. డాక్టరు రోజూ వచ్చి చూసే ఏర్పాటు కూడా ఆ వార్డులో లేదు.