వేడి డ్రైయర్‌లో నూగు పేరుకుంటే ముప్పే

కడియం: ముసురు రోజుల్లో కడియం నర్సరీల్లో పనిచేసేవారి దుస్తులు ఓ పట్టాన ఆరవు. ఇక్కడ డ్రైయర్‌గా పిలిచే రెండో తొట్టి నీటిని పిండుతుందే తప్ప బట్టలను వేడి చేయదు. వేడిగాలితో ఆరబెట్టే యంత్రం వేరు. బట్టల నుంచి రాలిన నూగు దాని జల్లెడలో, గాలి గొట్టంలో పేరుకుంటే గాలి ఆడక వేడి పెరిగి అంటుకుంటుంది. అమెరికాలో 2008-2010 మధ్య ఇళ్లలోని డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు సంభవించాయి. శుభ్రం చేయకపోవడమే ప్రధాన కారణం (34 శాతం). అక్కడి పిల్లల ఇళ్లకు వెళ్లే పెద్దలు సైతం వాడిన ప్రతిసారీ జల్లెడ దులపాలి. నూనె మరకల గుడ్డలను ఉతికినా అందులో వేయరాదు. వేడిగా కుప్పపోస్తే వాటంతటవే రాజుకోగలవు. యంత్రం తిరుగుతుండగా నిద్రపోవడం, బయటకు వెళ్లడం తగదు. పొగ వస్తే తలుపు తెరవకుండా బయటపడి, ఇక్కడైతే 101కు, అమెరికాలోనైతే 911కు ఫోన్ చేయాలి.